కోత వద్దన్న మనిషి

దమయంతి కోడిగుడ్డు పగలగొట్టదు. ఇంట్లోకి సాలెపురుగు వస్తే దాన్ని కాగితం మీదికి ఎక్కించుకుని, బయట మంచు కురుస్తున్నా సరే, తలుపు తీసి దింపి వస్తుంది. అక్కడ అది చలికి చస్తుందని మనం చెప్పకూడదు. అలాంటి మనిషి లైబ్రరీ నుంచి సంచీ నిండా మోసుకొచ్చే పుస్తకాలేమిటయ్యా అంటే, మొదటి పేజీలో శవం, రెండో అధ్యాయంలో పోస్ట్‌మార్టం, మూడో అధ్యాయంలో ఆ శవం గోళ్ళ కింద దొరికిన మట్టి ఏ ఊరిదో తేల్చే పరీక్ష. అరోరా ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. తెలియకుండా ఎక్కడికి పోతుంది? మనవాళ్ళకి పక్కింటి ఫ్రిజ్‌లో ఎన్ని పెరుగు డబ్బాలున్నాయో కూడా తెలుస్తుంది.

"దమయంతి గారూ, ఈ పప్పులో ఉప్పు ఎవరు ఎక్కువ వేశారో మీ పుస్తకాల్లో డాక్టరమ్మ చేత తేల్చించండి. వేలిముద్రలు గరిటె మీదే ఉన్నాయి" అని తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లో అందరి ముందూ రేణు ఏడిపిస్తుంది. రేణు ఆవిడకి పద్దెనిమిదేళ్ళ స్నేహితురాలు. నోరు పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"అవి చదువుతూ అన్నం ఎలా సయిస్తుందండీ బాబూ మీకు?" అని ఇంకొకావిడ.

"చదువుతూ తినను కదండీ" అని దమయంతి నవ్వేస్తుంది.

వెనకాల ఎవరికి తోచింది వాళ్ళు అనుకుంటారు. మొగుడు పోయాక మనిషి కాస్త అదోలా అయిందని ఒకరు, భాగవతం చదువుకోవాల్సిన వయసులో ఇదేం పోయేకాలమని ఒకరు. ఒక మహాతల్లి నిజంగానే భాగవతం కొనిచ్చింది. దమయంతి దాన్ని కళ్ళకద్దుకుని పూజ గదిలో పెట్టి, వచ్చి మళ్ళీ తన శవం దగ్గర కూర్చుంది.

ఆవిడ భర్త వీరభద్రం పోయి నాలుగేళ్ళయింది. ఆ పోవడం గురించి ఊరంతా చెప్పుకునే కథ ఒకటుంది. కూతురు దేదీప్యకి కాలిఫోర్నియాలో మంచి ఉద్యోగం వచ్చింది. వస్తే సత్యనారాయణ వ్రతం చేయిస్తానని దమయంతి మొక్కుకుంది. ఫిబ్రవరిలో ఒక శనివారం, నలభై మందిని పిలిచారు. వ్రతానికి ఇంకో గంట ఉందనగా వీరభద్రం కాసేపు నడుం వాలుస్తానని మేడ మీదికి వెళ్ళాడు. పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడు. యాభై ఎనిమిదేళ్ళు. "వ్రతం రోజు, నిద్రలో, ఒకరి చేత చేయించుకోకుండా! అంతటి చావు ఎవరికొస్తుందండీ, పుణ్యాత్ముడు" అని వచ్చినవాళ్ళు వచ్చినట్టే అన్నారు. దమయంతి తల ఊపింది. ఊపీ ఊపీ ఆ కథ ఆవిడదే అయిపోయింది.

ఇంట్లో పోయాడు కాబట్టి ఆ రోజు అంబులెన్సు వెనకాలే పోలీసులు, వాళ్ళ వెనకాల చావులు నమోదు చేసే ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చారు. పొడుగ్గా, మర్యాదగా ఉన్నాడు. బూట్లు విప్పేసి మరీ లోపలికొచ్చాడు. ముందు ఎప్పుడైనా ఒంట్లో బాగాలేదన్నారా అని అడిగాడు. లేదంది. మాకు అనుమానాలేమీ లేవు, కానీ కారణం కచ్చితంగా తెలియాలంటే పోస్ట్‌మార్టం ఒక్కటే దారి, మీరు చెయ్యమంటే చేస్తాం, వద్దంటే బలవంతం లేదు అన్నాడు.

"వద్దు. మా ఆచారం ఒప్పుకోదు" అంది దమయంతి. చుట్టూ ఉన్న నలభై మందీ అవునన్నట్టు తల ఆడించారు.

ఏ ఆచారమమ్మా? ఏ శాస్త్రంలో ఉంది? మన దగ్గర ఏ పెద్దాసుపత్రికైనా వెళ్ళి చూడు, రోజుకి పది చేస్తారు, అందరూ హిందువులే. ఆ క్షణంలో వ్రతానికి వచ్చిన పంతులుగారిని నిలదీసి అడిగితే ఆయనా తడుముకునేవాడు. అసలు సంగతి ఆచారం కాదు. అసలు సంగతి వాము నీళ్ళు.

ఆ రోజు పొద్దున్న వీరభద్రం వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "గుండె దడదడలాడుతోందే, కళ్ళు కూడా తిరుగుతున్నాయి" అన్నాడు. నిన్న రాత్రి అన్ని మిరపకాయ బజ్జీలు తింటే ఆడదూ మరి, గ్యాస్ అంది దమయంతి. ఓ గ్లాసుడు నీళ్ళలో వాము మరిగించి ఇచ్చింది. ఆయన తాగాడు. సగం వాము గింజలతో సహా తాగాడు, ఎప్పుడూ అంతే, వడపోయనివ్వడు. పడుకోండి, తగ్గిపోతుంది అంది. అంతకు ముందు నెలలో ఒకసారి, డ్రైవ్‌వేలో మంచు తీసి వచ్చి గరాజ్‌లో కుప్పకూలిపోయాడు కూడా. రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేదు. లేచాక, "దీపూకి చెప్పకు, కొత్త ఉద్యోగం, కంగారు పడుతుంది" అన్నాడు. ఇద్దరూ నోరు మూసుకున్నారు. చూడండి మరి, ఊళ్ళో ప్రతివాడి ఇంట్లోనూ డాక్టర్ ఉన్నాడు, ఒక్కడికీ ఫోన్ చెయ్యలేదు.

ఆ మర్యాదస్తుడు పోస్ట్‌మార్టం అనగానే దమయంతికి మొదట తోచింది ఆ వాము గింజలే. కడుపు కోస్తే బయటపడతాయి. ఇదేమిటని అడుగుతారు. చెప్పాలి. మొగుడు ఛాతీ పట్టుకుని నిలబడితే వాము నీళ్ళిచ్చి పడుకోబెట్టిన పెళ్ళాం అని కాగితం మీద రాస్తారు. ఆ కాగితం కూతురు చదువుతుంది. అంతే, వద్దంది. మర్నాడు దిగిన దేదీప్య ఏడ్చి ఏడ్చి ముఖం ఉబ్బిపోయి, "అటాప్సీ చెయ్యరా అమ్మా?" అని అడిగితే, "వాళ్ళే అక్కర్లేదన్నారమ్మా" అంది. ఒక అబద్ధానికి ఇంకొకటి తోడు.

ఆ తర్వాత కర్మలు. శవానికి స్నానం చేయించారు. ఆయన పడుకున్న దుప్పట్లు తీసి పారేశారు. ఇల్లంతా కడిగారు, పసుపు నీళ్ళు చల్లారు. ఆయన బట్టలు మూట కట్టి ఇచ్చేశారు. గడ్డం గీసుకునే కత్తి, దువ్వెన, పళ్ళు తోముకునే బ్రష్షు చెత్తలో వేశారు. బూడిదని నదిలో కలిపారు. పదమూడో రోజుకి ఆ ఇంట్లో వీరభద్రం అనేవాడు ఉండేవాడన్న ఆనవాలు ఒక్కటి మిగిలితే ఒట్టు. అందరూ చేసేదే చేశారు, పద్ధతిగా చేశారు.

అందరూ ఎవరి ఊళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంట్లో గోడలు మీద పడుతున్నట్టుండేవి. మనుషులు కనబడతారని దమయంతి లైబ్రరీకి వెళ్ళి కూర్చోవడం మొదలుపెట్టింది. ఒక రోజు ఎవరో చదివి బల్ల మీద వదిలేసిన లావుపాటి నవల ఊరికే తిరగేసింది. అందులో ఒక డాక్టరమ్మ శవాల గదిలోకి వస్తుంది. బల్ల మీద ఎవరో అనామకురాలు. డాక్టరమ్మ కత్తి తీసుకునే ముందు ఆ నుదుటి మీద చెయ్యి వేసి, నీకేం జరిగిందో చెప్పు, నాకు తొందరేం లేదు అంటుంది. దమయంతి ఆ కుర్చీలోంచి సాయంత్రం దాకా లేవలేదు. లైట్లు ఆర్పుతున్నామని వచ్చి చెప్పాల్సి వచ్చింది.

రక్తం ఎటువైపు దిగిందో చూసి మనిషి ఎప్పుడు పోయాడో చెబుతారని ఆ పుస్తకాలే నేర్పాయి. కడుపులో ఉన్నదాన్ని బట్టి ఆఖరిసారి ఏం తిన్నాడో, ఎంతసేపటి క్రితం తిన్నాడో చెబుతారు. ఆ పేజీలు వచ్చినప్పుడు దమయంతి పుస్తకం మూసేస్తుంది. మళ్ళీ తెరిచి చదువుతుంది. రేణు అనుకున్నట్టు హంతకుడెవరో కనిపెట్టే సరదా కాదది. ఆ నవలల్లో పోయినవాడిని ఎవరూ తొందరపడి తగలెయ్యరు. ఎంత దిక్కులేని శవమైనా సరే, నిజం తెలిసేదాకా వదలని మనిషి ఒకరు పక్కన కూర్చుంటారు. తన మొగుడికి అలా ఎవరూ కూర్చోలేదు. కూర్చుంటానన్నవాడిని తనే గుమ్మం దాటించింది. ఇంకొకటి, నాలుగొందల పేజీల చివర దోషి దొరుకుతాడు. ఆ ఆఖరి అధ్యాయం దమయంతి ఏనాడూ కూర్చుని చదవలేదు. వంటింట్లో గట్టుకి ఆనుకుని, నిలబడి చదువుతుంది, జడ్జి తీర్పు చెబుతుంటే లేచి నిలబడ్డట్టు.

ఒక్క నవల మాత్రం ఐదుసార్లు తెచ్చుకుంది. అందులో పసిబిడ్డని పోగొట్టుకున్న తల్లి ఒకత్తి, నా వల్లే పోయాడు, నేను నిద్రపోయాను అని ఏడుస్తుంటే డాక్టరమ్మ ఆమె ఎదుట మోకాళ్ళ మీద కూర్చుని, మీరు మేలుకుని ఉన్నా పోయేవాడే, ఒక్క క్షణంలో అయిపోయింది, నేను చూశాను అంటుంది. నేను చూశాను! ఆ రెండు మాటల కోసం దమయంతి ఆ పుస్తకాన్ని తలగడ కింద పెట్టుకుని పడుకున్న రోజులున్నాయి.

కిందటి అక్టోబరులో ఒక మధ్యాహ్నం శాంటా క్లారా నుంచి దేదీప్య ఫోన్ చేసింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, ఒక్కతే ఉంటుంది.

"అమ్మా, నువ్వు కంగారు పడొద్దు, ఓకే? ఆఫీస్‌లో స్టెయిర్స్ ఎక్కుతూ ఫెయింట్ అయ్యాను. ఐ యామ్ ఫైన్. టెస్ట్స్ చేశారు. నెక్స్ట్ మంత్ హార్ట్ డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది."

"పడే ముందు గుండె దడదడలాడిందా?"

"కొంచెం. హౌ డిడ్ యు నో?"

దమయంతి ఫోన్ పెట్టేసి అప్పటికప్పుడు టికెట్ బుక్ చేసుకుంది. నాలుగు గంటల ప్రయాణం. పుస్తకం ఒకటి సంచీలో పెట్టుకుంది గానీ ఒక్క పేజీ తిప్పలేదు. ఎయిర్‌పోర్ట్‌లో కూతురు ఎదురొచ్చి వాటేసుకుంటే, ఆ పిల్ల ఛాతీకి చెవి ఆనించి అలాగే నిలబడిపోయింది. "అమ్మా, పీపుల్ చూస్తున్నారు" అంది దేదీప్య నవ్వుతూ.

అపాయింట్‌మెంట్ దాకా మూడు వారాలు కూతురి దగ్గరే ఉంది. వండిపెట్టింది, వాకింగ్‌కి తీసుకెళ్ళింది, రాత్రిళ్ళు లేచి ఆ పిల్ల ఊపిరి చూసింది. చెబుదామని ఎన్నిసార్లు నోరు తెరిచిందో లెక్కలేదు. తెరిచి, "పెరుగు వేసుకుంటావా?" అని అడిగేది.

డాక్టర్ జుట్టు పూర్తిగా నెరిసిన తెల్లావిడ, మాట నెమ్మది. ఆమె లోపలికొచ్చి కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంటే దమయంతికి పైప్రాణాలు పైనే పోయాయి. అచ్చం ఆ నవలల్లో డాక్టరమ్మే. అదే తొందరలేనితనం.

ఆమె విషయం విడమరిచి చెప్పింది. దేదీప్య రక్తపరీక్షలో గుండె కొట్టుకునే తీరుకి సంబంధించిన జన్యువులో ఒక మార్పు కనబడింది. అది ప్రమాదకరమైనదో, నల్లకళ్ళలాగా ఊరికే ఉండేదో ఇప్పటికి ఎవరికీ తెలియదు. అలాంటప్పుడు చూడాల్సింది కుటుంబంలో ఏం జరిగిందని. "మీ నాన్నగారు హఠాత్తుగా పోయారని రాశారు. పోస్ట్‌మార్టం రిపోర్టు ఉందా?"

"అక్కర్లేదన్నారు" అంది దేదీప్య. తల్లి చెప్పిన మాటే ఇంగ్లీషులో అప్పజెప్పింది.

"ముందు ఎప్పుడైనా స్పృహ తప్పడం, దడ?"

"ఎప్పుడూ లేదు. నిద్రలో పోయారు. చాలా ప్రశాంతంగా."

డాక్టర్ దమయంతి వైపు తిరిగింది. "మీరు చెప్పండి. ఇది ముఖ్యం. ఆయనకి అలాంటివి ఉంటే, గుండె గతి తప్పినప్పుడు షాక్ ఇచ్చి నిలబెట్టే చిన్న పరికరం ఒకటి ఉంది, అది ఈ వారమే మీ అమ్మాయికి పెడతాను. లేకపోతే పెట్టను. చిన్న వయసు, జీవితాంతం మొయ్యాలి. కొన్ని నెలలు గమనిస్తూ ఉంటాం."

గమనిస్తూ ఉంటాం. ఈలోగా ఈ పిల్ల ఏ మెట్ల మీదో, ఏ స్నానాల గదిలోనో ఒక్కతే పడిపోతే? నోరు విప్పితే కూతురి మనసు పోతుంది. విప్పకపోతే కూతురే పోవచ్చు. ఇంకా ఆలోచించడానికేముంది అంటారా? మీకేం, ఒడ్డున కూర్చుని ఎన్నైనా చెబుతారు. నాలుగేళ్ళుగా ఆ పిల్లకి మిగిలిన ఒకే ఒక్క ఊరట, నాన్న హాయిగా పోయాడన్నది. దమయంతి అదీ లాక్కోవాలి ఇప్పుడు.

దమయంతికి ఇంగ్లీషు బాగా వచ్చు. అన్ని నవలలు చదివిందయ్యె! కానీ ఆ ఇంగ్లీషులో నేరం ఒప్పుకోవడం ఆవిడ వందసార్లు చదివింది. ఆ మాటలు నోట్లోంచి రాలేదు. తెలుగులో మొదలుపెట్టింది, కూతురి వైపు చూడకుండా, నేల మీది గళ్ళ వైపు చూస్తూ.

"దీపూ, డాక్టర్‌గారికి చెప్పు. మీ నాన్న అంతకుముందు నెలలో గరాజ్‌లో పడిపోయారు. రెండు నిమిషాలు ఒంటి మీద తెలివి లేదు."

"అంటే... పాస్డ్ అవుట్?"

"ఆ."

దేదీప్య తల్లిని చూసింది. తర్వాత డాక్టర్‌కి చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది.

"నీకు చెప్పొద్దన్నారు. నేనూ చెప్పలేదు. పోయిన రోజు పొద్దున్న వంటింటి దగ్గరికొచ్చి గుండె దడగా ఉందన్నారు. కళ్ళు తిరుగుతున్నాయన్నారు. నేను గ్యాస్ అన్నాను."

దేదీప్య చెప్పింది. ఈసారి మధ్యలో ఒకసారి ఆగింది.

"వాము నీళ్ళిచ్చి పడుకోమన్నాను."

"వాము..." అంది దేదీప్య. ఆ మాటకి ఇంగ్లీషు ఆ పిల్లకి తెలియదు. చిన్నప్పుడు కడుపునొప్పి వస్తే తనూ తాగింది. ఇంట్లో చేసే మందు అని డాక్టర్‌కి చెప్పింది. చెబుతుంటే కన్నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు.

"వాళ్ళు పోస్ట్‌మార్టం వద్దనలేదమ్మా. చేస్తామన్నారు. నేనే వద్దన్నాను."

ఈ మాట దేదీప్య ఇంగ్లీషులోకి మార్చలేదు. డాక్టర్ ఎదురుచూసింది. చివరికి దమయంతే తలెత్తి, "ఐ రిఫ్యూజ్డ్" అంది.

డాక్టర్ అదంతా కంప్యూటర్‌లోకి ఎక్కించింది. తిట్టలేదు, కళ్ళు పెద్దవి చెయ్యలేదు. "మీరు చెప్పినది మీ అమ్మాయికి చాలా పనికొస్తుంది. గురువారం ఆపరేషన్ పెట్టుకుందాం" అంది.

లేవబోతుంటే దమయంతి ఆమె చెయ్యి పట్టుకుంది. సిగ్గూ ఎగ్గూ లేకుండా పట్టుకుంది. "ఆ పొద్దున్న నేను హాస్పిటల్‌కి తీసుకెళ్ళి ఉంటే బతికేవారా?" నాలుగేళ్ళుగా నూట పదహారు పుస్తకాల్లో వెతికిన ప్రశ్న అది.

డాక్టర్ మళ్ళీ కూర్చుంది. "బతికేవారేమో. బతికేవారు కాదేమో. గుండెని చూడకుండా నేను చెప్పలేను. ఇంకెవరూ చెప్పలేరు. ఐ యామ్ సో సారీ" అంది.

అంతే. తన తప్పు బయటపడకూడదని దమయంతి ఆ రోజు కోత వద్దంది. నీ తప్పేం లేదని చెప్పడానికి ఈ భూమ్మీద ఉన్న ఒకే ఒక్క సాక్షి కూడా ఆ శరీరమే కదా. దాన్నీ దగ్గరుండి కాల్పించింది. ఇక ఏ డాక్టరమ్మా ఆవిడ ముందు మోకాళ్ళ మీద కూర్చుని నేను చూశాను అనదు.

దేదీప్యని కారు నడపొద్దన్నారు కాబట్టి తాళాలు దమయంతి దగ్గరే ఉన్నాయి. పార్కింగ్‌లో ఇద్దరూ కారెక్కి కూర్చున్నారు. దమయంతి స్టార్ట్ చెయ్యలేదు. కూతురు సీట్ బెల్ట్ పెట్టుకుని, ఎదురుగా ఉన్న సిమెంటు స్తంభం వైపు చూస్తూ కూర్చుంది. తిడుతుందేమో, అరుస్తుందేమో అని తల్లి కాచుకుని ఉంది. తిడితే బాగుండును అనుకుంది కూడా.

"అమ్మా, ఒక్క క్వశ్చన్" అంది దేదీప్య. "నాన్న నిన్ను పిలిచాడా?"

డాక్టర్ అడగని ప్రశ్న. ఏ వైద్యానికీ అక్కర్లేని ప్రశ్న. లేదు అనొచ్చు. అంటే నమ్ముతుంది. ఈ ఒక్కటీ దాచుకుంటే దాగిపోతుంది, చూసినవాళ్ళు లేరు, విన్నవాళ్ళు లేరు. ఈ మాట ఇంతవరకూ నేనూ మీకు చెప్పలేదు. ఆవిడ తనతో తానే చెప్పుకోని మాట నేనెలా చెప్పను?

"పిలిచారు" అంది దమయంతి.

"వాట్ డిడ్ హీ సే?"

"దమయంతీ, ఒకసారి రావే అన్నారు. నేను కింద ఉన్నాను. ప్రసాదం కలుపుతున్నాను. మడి కట్టుకుని ఉన్నాను."

"మడి అంటే?"

"తలస్నానం చేసి, తడిపి ఆరేసిన చీర కట్టుకుని, దేవుడికి పెట్టేది వండేదాకా ఎవరినీ, దేన్నీ ముట్టుకోకూడదు. ముట్టుకుంటే మళ్ళీ స్నానం చెయ్యాలి, మళ్ళీ వండాలి. నలభై మంది వస్తున్నారు. మీ నాన్న పక్క మీద ఉన్నారు, వెళ్తే ముట్టుకోవాలి. వస్తున్నా, ఇది దించి వస్తున్నా అని ఇక్కణ్ణుంచే కేకేశాను." దమయంతి స్టీరింగ్‌ని రెండు చేతులా పట్టుకుంది. "దించాను. నేతిలో జీడిపప్పు వేయించి వేశాను. దేవుడి ముందు పెట్టాను. అప్పుడు వెళ్ళాను. పది నిమిషాలు పట్టింది తల్లీ. వెళ్ళేసరికి లేరు."

దేదీప్య రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని చిన్నపిల్లలాగా ఏడ్చింది. దమయంతి చెయ్యి చాపింది గానీ భుజం మీద వెయ్యడానికి ధైర్యం చాలలేదు. ఆ చెయ్యి గేరు మీద పెట్టుకుంది.

గురువారం ఆపరేషన్ జరిగింది. ఎడమ భుజం కింద చర్మం లోపల అగ్గిపెట్టెంత పరికరం పెట్టారు. దమయంతి ఇంకో పది రోజులుంది. జడ వేసింది, ఎడమ చెయ్యి పైకెత్తకూడదు కదా. అన్నం కలిపి ఇచ్చింది. దేదీప్య థాంక్యూ అనేది, తినేది, తలుపు దగ్గరికేసుకునేది. ఆ పది రోజుల్లో ఆ ఇంట్లో పలికిన మాటలన్నీ కలిపితే ఒక పోస్టుకార్డు నిండదు.

వెళ్ళే రోజు క్యాబ్ వచ్చి కింద ఆగింది. దేదీప్య గుమ్మం దాకా వచ్చింది.

"అమ్మా, ఐ యామ్ వెరీ యాంగ్రీ. ఎన్ని రోజులు ఉంటుందో నాకు తెలీదు. మాట్లాడలేను. కానీ ఎవ్రీ డే నీకు ఎనిమిదికి ఫోన్ చేస్తాను. ఏం మాట్లాడను. నువ్వు ఎత్తాలి. దట్స్ ఆల్."

"ఎత్తుతాను" అంది దమయంతి.

అరోరాకి వచ్చాక పుస్తకాలన్నీ లైబ్రరీలో ఇచ్చేసింది. కొత్తవి తెచ్చుకోలేదు. శవాలకి సెలవిచ్చారా అని రేణు వేళాకోళం చేసింది. చేసి, దమయంతి ముఖం చూసి, "ఏమైందండీ?" అని చెయ్యి పట్టుకుంది. దమయంతి రేణుకి కూడా మొత్తం చెప్పేసింది. రేణు లేచి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టుకొచ్చింది.

రోజూ సాయంత్రం ఎనిమిదింటికి, అక్కడ ఆరింటికి, ఫోన్ మోగుతుంది. మొదటి రింగు పూర్తికాకముందే దమయంతి ఎత్తుతుంది. చేతులకి పిండి ఉంటే పిండితోనే ఎత్తుతుంది. "ఉన్నాను తల్లీ" అంటుంది. అటువైపు ఊపిరి వినిపిస్తుంది. ఒక్కోసారి బండ్ల చప్పుడు, ఒక్కోసారి కుక్కర్ కూత. నిమిషం, రెండు నిమిషాలు. తర్వాత కట్ అవుతుంది. ముప్పై ఎనిమిది రోజులు అలాగే గడిచాయి.

ముప్పై తొమ్మిదో రోజు ఎనిమిదైంది. ఫోన్ మోగలేదు.

ఎనిమిదీ ఒకటి. మీటింగ్ ఉందేమో. ఎనిమిదీ రెండు. దమయంతి తనే చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఎత్తలేదు. ఒక్కతే ఉంటుంది. పరికరం ఉంది కదా. ఉంటే? మిషనన్నాక పనిచెయ్యకపోతే? పక్కింటివాళ్ళ నంబరు తీసుకోలేదు, ఎంత బుద్ధిలేనిదాన్ని! పోలీసులకి చెయ్యనా? వంటింట్లో నేల మీద కూలబడింది. "వెంకటేశ్వరా, దాన్ని కాదు, నన్ను, నన్ను" అంటోంది పైకే. ఫోన్‌లో అంకెలు కనబడటం లేదు, కళ్ళు అలుక్కుపోయాయి.

ఎనిమిదీ ఆరుకి మోగింది.

"దీపూ! దీపూ! తల్లీ, బాగున్నావా? పడ్డావా? మాట్లాడు, ఒక్క మాట మాట్లాడు!"

అటువైపు ఎక్కిళ్ళు. ఏడుపు ఆపుకోలేక ఆపుకోలేక మాట్లాడింది, దాదాపు నలభై రోజుల తర్వాత.

"సారీ అమ్మా. కావాలనే చెయ్యలేదు, నువ్వు చేస్తే ఎత్తలేదు. పక్కనే కూర్చున్నాను, ఫోన్ చూస్తూ. నీకెలా ఉంటుందో తెలియాలి అనుకున్నా. పది నిమిషాలు ఆగుదామనుకున్నా. ఆరు కూడా... నా వల్ల కాలేదు అమ్మా. ఐ కుడంట్ డూ ఇట్."

దమయంతి గోడకి తల ఆనించింది. ఆయన పోయిన రోజు ఏడ్చింది, పదో రోజు ఏడ్చింది, అవన్నీ నలుగురి మధ్యా ఏడ్చిన ఏడుపులు. ఇది వేరు. ఎక్కడో కడుపులోంచి వచ్చింది.

"నేను పది ఆగాను తల్లీ" అంది. "నేను పది ఆగాను."

దేదీప్య ఫోన్ కట్ చెయ్యలేదు.